పండగ కానుకలు ఇంట్లోనే కుట్టాలంటే దేంతో మొదలుపెట్టాలి? పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే పని సాగుతుందా?

మీరు అడిగినవి రెండు. పండక్కి దగ్గరవాళ్ళకు ఇచ్చే కానుకలు ఇంట్లోనే కుట్టాలనుకుంటున్నారు, దేంతో మొదలుపెట్టాలి అన్నది ఒకటి. పిల్లలను, ఇంట్లో మిగతావాళ్ళను కలుపుకుంటే పని సాగుతుందా చెడుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు బొందు సంచి, అంటే మూతిలో దూర్చిన బొందు లాగితే మూసుకునే సంచి. రెండోదానికి జవాబు, చెడుతుంది, అయినా కలుపుకోండి. ఇక మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదవండి.

బొందు సంచే ఎందుకంటే అందులో అన్నీ తిన్నటి కుట్లే. మెడ లేదు, చంక లేదు, కాజా లేదు, జిప్పు లేదు, ఎవరి కొలతలూ అక్కర్లేదు. కుషన్ కవరు తేలిక అంటారు చాలామంది, నేను ఒప్పుకోను, ఎందుకంటే దానికి లోపల దిండు సరిపోవాలి, అర అంగుళం తేడా వచ్చినా మూలలు చెవుల్లా వేలాడతాయి. సంచికి ఆ బాధ లేదు. చిన్నదైతే చిన్న సంచి, పెద్దదైతే పెద్ద సంచి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మూడేళ్ల కిందట ఒక పండక్కి పదకొండు సంచులు కుడదామని లెక్కేసుకున్నాను. నా పథకం ఏమిటంటే మిషను మీద నేను, మిగతావాళ్ళంతా నాకు సాయం. పన్నెండేళ్ళ మావాడు కత్తిరిస్తాడు, తొమ్మిదేళ్ళ అమ్మాయి పిన్నులు అందిస్తుంది, అత్తయ్య చేతికుట్టు, మా ఆయన ఇస్త్రీ. అనుకున్నప్పుడు బ్రహ్మాండంగానే ఉంది. మొదటి గంటలోనే మావాడు గుడ్డ కోసే కత్తెరతో అట్టపెట్టె కోశాడు. కత్తెర గురించి నేను మొదలుపెడితే ఆపను కాబట్టి ఒక్కమాటతో వదిలేస్తాను. కాగితం కోస్తే ఆ అంచు మొద్దుబారుతుంది, తర్వాత గుడ్డను కోయదు, నములుతుంది. ఇది ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

రెండో గంటలో పిట్టలు. వాడికి నేనే చెప్పాను, పొడుగ్గా ఒకే ముక్క తీసుకుని మధ్యకు మడిచెయ్యరా, అడుగున కుట్టు అవసరమే ఉండదు అని. సాదా గుడ్డకైతే అది మంచి సలహానే. మాది పిట్టల బొమ్మల గుడ్డ, పిట్టలన్నీ ఒకే దిక్కుకు నిలబడి ఉన్నాయి. మధ్యకు మడిస్తే ముందువైపు పిట్టలు చక్కగా నిలబడతాయి, వెనకవైపు పిట్టలు కాళ్ళు పైకి పెట్టి వేలాడతాయి. ఈ సంగతి నాకు తట్టలేదు, వాడికీ తట్టలేదు. నాలుగు సంచులకు ముక్కలు తెగిపోయాక అత్తయ్య ఒకటి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "వెనకవి గబ్బిలాలా అమ్మాయ్?" అంది. గుడ్డ ఇంకా మిగల్లేదు. అవి అలాగే కుట్టాల్సి వచ్చింది.

అయితే అసలు కథ రాత్రి పదింటికి. మరుసటి రోజే పండగ. అప్పటికి మావాడు కత్తిరింపు అయిపోయిందని లేచి వెళ్ళిపోయాడు, మా ఆయన ఇస్త్రీపెట్టె తీసేసి ఫోన్ పట్టుకున్నాడు, అమ్మాయి ఒక్కతే నా పక్కన పిన్నుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆరు సంచులు అయ్యాయి. దారం రీలు మార్చి ఏడోదానికి దిగాను. నాలుగు కుట్లు పడగానే మిషను గరగరమంది, గుడ్డ ఇరుక్కుపోయింది. గుడ్డను నొక్కిపట్టే ఫుట్టు ఎత్తి లాగితే అడుగున దారం గూడు కట్టి ఉంది, పిచ్చుక కట్టినట్టు. కత్తిరించి తీసేశాను. మళ్ళీ కుట్టాను, మళ్ళీ గూడు.

గూడు అడుగున కనబడుతోంది కాబట్టి తప్పు బాబిన్‌దే, అంటే అడుగు దారం చుట్టి ఉండే చిన్న చక్రానిదే అనుకున్నాను. బాబిన్ తీశాను, పెట్టాను, బ్రష్షుతో దుమ్ము దులిపాను, సూది మార్చాను. దారం బిగువు మార్చే టెన్షన్ చక్రం నాలుగు నుంచి ఏడుకు తిప్పాను, ఏడు నుంచి రెండుకు తెచ్చాను. మా ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "టెన్షన్ ఎంతుంది?" అన్నాడు. నాకా, మిషనుకా అని అరిచాను. ఈ మిషను పాతబడిపోయింది, దీన్ని తీసి పారేస్తే గానీ నాకు మనశ్శాంతి ఉండదు అని కూడా అన్నాను.

అప్పుడు అమ్మాయి మెల్లిగా, "అమ్మా, ఇందాక రీలు మార్చినప్పుడు నువ్వు ఫుట్టు ఎత్తలేదు" అంది.

పొద్దున దానికి నేనే చెప్పాను, ఫుట్టు ఎత్తకుండా దారం ఎక్కించకూడదు అని. ఎందుకో మాత్రం చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు, మా అమ్మ చెప్పింది కాబట్టి నేనూ చెప్పాను. కారణం తర్వాత తెలుసుకున్నాను. పై దారం రెండు చిన్న బిళ్ళల మధ్య నుంచి పోతుంది, ఆ బిళ్ళలు నొక్కిపెట్టడం వల్లే దారానికి బిగువు వస్తుంది. ఫుట్టు ఎత్తితే బిళ్ళలు విచ్చుకుంటాయి, దారం మధ్యలోకి దిగుతుంది. ఫుట్టు దించి ఉంటే బిళ్ళలు మూసుకునే ఉంటాయి, దారం వాటి మధ్యకు పోకుండా పైనే ఉండిపోతుంది. బిగువు లేని పై దారం అడుగుకు జారి అక్కడ ఉండలు కడుతుంది. అంటే అడుగున గూడు కనబడితే తప్పు పైదారానిది. ఇది గుర్తుపెట్టుకోండి, సగం రాత్రుళ్ళు మిగులుతాయి. మిషను చెడిపోయిందని ఎవరన్నా అంటే నేను ముందు దారం మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించమంటాను, దాదాపు ప్రతిసారీ రోగం అక్కడే ఉంటుంది.

ఫుట్టు ఎత్తి ఎక్కించాను. కుట్టు పడింది. నేను సిగ్గుపడి లేచి నిలబడి, నువ్వు కూర్చో అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, అలసిపోయి ఉంటాను. అది కూర్చుంది, పెడల్ అందక కాళ్ళ కింద రెండు పుస్తకాల కట్టలు పెట్టి వాటి మీద పెడల్ పెట్టాం. ఒక్కో కుట్టూ లెక్కపెట్టి వేసినట్టు టక్... టక్... మని. సంచి ఒక పక్క కుట్టడానికి పావుగంట పట్టింది. నా చేతులు ఊరుకోవడం లేదు, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మూల దగ్గరకొచ్చాక ఆగి, సూది గుడ్డలోనే దించి ఉంచి, ఫుట్టు ఎత్తి, గుడ్డ తిప్పి, ఫుట్టు దించి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు దానికి, పొద్దుటినుంచి పక్కన కూర్చుని చూసిందంతే.

మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న. "నాయనమ్మ సూదికి బెజ్జం వెనకుంది, దీనికి మొన దగ్గరుందేంటి?" బెజ్జం వెనకుంటే ప్రతి కుట్టుకూ సూది మొత్తం గుడ్డలోంచి అటు దూరి బయటకు రావాలి, మనిషి చెయ్యి ఆ పని చేస్తుంది గానీ మిషను ఎలా చేస్తుంది? బెజ్జం మొన దగ్గరుంటే సూది కొంచెం దిగి పైకి లేచేసరికి అడుగున దారం చిన్న ఉచ్చులా నిలుస్తుంది, కింద తిరిగే కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది, రెండు దారాలూ ముడిపడతాయి. ఇలాంటి సూదితో రెండు దారాల మిషనుకు ఎలియాస్ హోవ్ అనే అమెరికా ఆయన 1846లో పేటెంటు తీసుకున్నాడు. సింగర్ పేటెంటు వచ్చింది ఆ తర్వాత, 1851లో. హోవ్ కోర్టుకెళ్ళి సింగర్ దగ్గర రాయల్టీ రాబట్టాడు, కానీ జనం నోట మిగిలింది సింగర్ పేరే. ఇదంతా రాత్రి పదకొండింటికి చెబితే మా ఆయన ఇప్పుడు అవసరమా అన్నాడు. అమ్మాయి మాత్రం చక్రం చేత్తో తిప్పుతూ సూది దిగడం, లేవడం పదిసార్లు చూసింది.

చెల్లెలు మిషనెక్కిందని తెలిసి మావాడు పరిగెత్తుకొచ్చాడు. వాడూ కుట్టాడు, ఉత్సాహంగా పై నుంచి కింద దాకా, బొందు పోవాల్సిన సందుతో సహా మూసేశాడు. విప్పడం మా ఆయన పని అయింది. ఆ రాత్రి నుంచి ఆయనకు మా ఇంట్లో కుట్లు విప్పే శాఖ శాశ్వతంగా ఖాయమైంది, నిజం చెప్పాలంటే ఆయన నాకన్నా బాగా విప్పుతాడు, గుడ్డ చిరగదు.

అందుకే నేను అనేది, కలుపుకోవడం అంటే పిన్నులు అందించమనడం కాదు. నేను పొద్దుటినుంచి చేసింది అదే, అందుకే ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. పిన్నులు అందించేవాళ్ళకు విసుగు రాక ఏమొస్తుంది? కుర్చీ ఇవ్వండి. ఇచ్చాక మరో కక్కుర్తి పడకండి, పిల్లలు పడుకున్నాక వంకర కుట్లు విప్పి మీరు సరిచేయడం. నాకు తెలిసినవాళ్ళు చేస్తారు ఆ పని. తాము వేసిన కుట్టు పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. కుట్టు ఊడిపోయేలా ఉంటే వాళ్ళనే పిలిచి దాని పక్కనే ఇంకో వరస వేయించండి. వంకర అలాగే ఉండనీండి.

పిల్లలు భయపడితే మొదటి రోజు దారమే ఎక్కించొద్దు. కాగితం మీద గీతలు గీసి, పాత సూదితో, వట్టి మిషను ఆ గీతల వెంట నడిపించండి. బొక్కల వరస చూస్తే తిన్నగా పోయిందో లేదో వాళ్ళకే తెలుస్తుంది. మిషను పరిగెడుతుంటే పెడల్ లోపల చిన్న స్పాంజి ముక్క ఇరికించండి, పూర్తిగా తొక్కినా నెమ్మదిగా పోతుంది.

సంచి కొలత కావాలంటే, 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ముక్కలు రెండు. బొమ్మల గుడ్డైతే రెండు ముక్కలే, మడత వద్దు, పైన చెప్పాను కదా. రెండు పక్కలా పై నుంచి 2½ అంగుళాలు వదిలి, అర అంగుళం లోపలికి పక్క, అడుగు, పక్క ఒకే దఫాలో కుట్టెయ్యాలి. వదిలిన సందుల అంచులు లోపలికి మడిచి కుట్టి, ఆపైన మూతి పావు అంగుళం ఒకసారి, అంగుళం ఇంకోసారి మడిచి, మడత అంచు మీద కుట్టు వేయాలి. బొందులు రెండు, చెరో పక్క నుంచి పిన్నీసుకు తగిలించి తిప్పి తేవాలి, అప్పుడే రెండు వైపులా లాగితే మూతి మూసుకుంటుంది. నూలు గుడ్డ ముందే తడిపి ఆరేసి ఇస్త్రీ చేసుకోండి. నేను ఒకసారి బద్ధకించి ఎర్ర గుడ్డకు తెల్ల లైనింగు వేశాను, మొదటి ఉతుకులోనే లైనింగు గులాబీ రంగైంది. ముప్పై సెకన్ల వీడియోల్లో ఈ తడపడం, ఇస్త్రీ ఏవీ చూపించరు. గుడ్డ పెట్టగానే సంచి వచ్చేస్తుంది. ఆ వీడియోలు చూసి మొదలుపెట్టినవాళ్ళు రెండో రోజే మిషను మీద ముసుగు కప్పేస్తారు.

మామూలు నూలు గుడ్డకు 90/14 సూది చాలు. ఆ 90 అంటే సూది మందం 0.90 మిల్లీమీటరు. మిషను సూదికి అంకె పెరిగితే లావు, చేతి సూదికి అంకె పెరిగితే సన్నం. ఎవరు పెట్టారో గానీ, అత్తయ్యకు సన్న సూదులు తెస్తానని నేను రెండుసార్లు తప్పు పొట్లాలు తెచ్చాను.

ఇక ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలో మీరు అడగలేదు గానీ చెబుతున్నా, మూడు వారాలు. మేం ఇప్పుడు అంతే పెట్టుకుంటున్నాం, అయినా మిషను దగ్గర నాకు వంతు వచ్చేసరికి ఆఖరి వారమే. మొన్న పండక్కి మావాడు గబ్బిలాల సంచి కావాలనే ఇంకోటి కుట్టాడు. కత్తెర మాత్రం నేను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాను.