శ్రీనుకు, కొత్త స్టేబుల్‌లో చేరేముందు

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

నీకు అసిస్టెంట్ ట్రైనర్‌గా పని దొరికిందని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, అంత సంతోషం. గుర్రాల్ని చూసుకునే సైసుగా చేరి హెడ్ సైసు దాకా 35 ఏళ్లు గుర్రాల మధ్యే బతికినవాణ్ణి. గుర్రాన్ని ఎలా తయారు చేయాలో మీ ట్రైనర్ గారు నేర్పుతారు. నేను రాసేది డోప్ టెస్టు గురించి, అంటే రేసు గుర్రం ఒంట్లో నిషేధించిన మందు ఉందేమో చూసే పరీక్ష. ఎవరూ దాన్ని ముందుగా కూర్చోబెట్టి చెప్పరు. తప్పు జరిగాక మాత్రం అందరూ చెబుతారు.

మొట్టమొదట ఇది తెలుసుకో. గుర్రం మూత్రం, రక్తం శాంపిల్‌లో మందు దొరికితే, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది తర్వాతి మాట. గుర్రం ట్రైనర్ సంరక్షణలో ఉంది కాబట్టి జవాబు ట్రైనరే చెప్పుకోవాలి. అమెరికాలో 2021 కెంటకీ డెర్బీలో మెడీనా స్పిరిట్ అనే గుర్రం మొదట వచ్చింది. రక్తంలో బీటామెథాసోన్ అనే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు దొరికింది, మిల్లీలీటరుకి 21 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్లో వంతు. చర్మం మీద దద్దుర్లకు పూసిన ఆయింట్‌మెంట్ వల్లే వచ్చిందని ట్రైనర్ తరఫువాళ్లు వాదించారు. అయినా 2022 ఫిబ్రవరిలో ఆ గెలుపు రద్దు చేసి, రెండో స్థానంలో వచ్చిన మాండలూన్‌ని విజేతగా ప్రకటించారు. కాబట్టి ఆయింట్‌మెంటే కదా, పైపూతే కదా అనే మాట నీ నోట రాకూడదు. పెన్సిలిన్ ఇంజెక్షన్ సంగతీ అంతే. ప్రొకైన్ పెన్సిలిన్‌లో ఉండే ప్రొకైన్, నొప్పి తెలియకుండా మొద్దుబార్చే మత్తుమందు జాతిది. పుండు మానిపోయినా అది మూత్రంలో చాలా రోజులు కనబడుతుంది.

రేసు అయ్యాక శాంపిల్ తీసే గదికి, అదే శాంపిల్ బాక్స్‌కి, గుర్రంతో నువ్వే వెళ్లు, సైసు మీద వదిలెయ్యకు. మూత్రం పట్టడానికి కర్రకు కట్టిన గిన్నె పట్టుకుని మనిషి నిలబడతాడు. గుర్రం చెమట ఆరి, నీళ్లు తాగి, కింద గడ్డి వాసన చూసి, అప్పుడు కాళ్లు వెడల్పు చేస్తుంది. మన సైసులు సన్నగా ఈల వేస్తారు. చిన్నప్పటి నుంచీ ఆ ఈలకే అలవాటు చేస్తే తొందరగా పోస్తుంది, ఇప్పటినుంచే నేర్పు. పొయ్యకపోతే మెడ నరం నుంచి రక్తం తీస్తారు. శాంపిల్‌ని రెండు భాగాలు చేసి సీల్ వేస్తారు. సీసా మీద గుర్రం పేరుండదు, నంబరే ఉంటుంది. సీలు, నంబరు, కాగితం మీది నంబరు నీ కళ్లతో చూసుకుని అప్పుడే సంతకం పెట్టు. మొదటి సీసాలో దోషం తేలితే, రెండో సీసా తెరిపించే హక్కే నీకు మిగిలే ఆధారం. కంగారులో చూడకుండా సంతకం పెట్టినవాడు తర్వాత సీలు సరిగా లేదంటే ఎవరు వింటారు?

ఇక దాణా. నా భయమంతా ఇక్కడే. 2020 అక్టోబరులో పారిస్‌లో ఆర్క్ అనే పెద్ద రేసుకి ముందు ఐర్లండ్‌కి చెందిన ఎయిడాన్ ఓబ్రియన్ అంతటి ట్రైనర్ తన నాలుగు గుర్రాల్ని వెనక్కి తీసుకున్నాడు. కంపెనీ దాణాలో జిల్పటెరాల్ అనే, పశువులకు కండ పెంచే మందు కలిసిందని తేలింది. ఆయన తప్పేమీ లేదు. అయినా గుర్రాలు గేటు దాకా వెళ్లలేదు. కొత్త లోడు వచ్చిన ప్రతిసారీ ఏ సంచి ఏ తేదీన విప్పారో రాసిపెట్టు. మొలకెత్తిన బార్లీ పెట్టకు, అందులో పుట్టే హార్డినీన్ అనే పదార్థం టెస్టులో పడుతుంది. వంటింటి గసగసాలు దాణా గది దరిదాపులకు రానివ్వకు, వాటిలో మార్ఫిన్ జాడలుంటాయి. ఆదివారం ఓనరు గారి పిల్లలు వస్తారు, ముద్దుగా చాక్లెట్ పెడతారు. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్‌కి అంతర్జాతీయ హద్దు మూత్రంలో మిల్లీలీటరుకి 2 మైక్రోగ్రాములే. పిల్లల్ని కసురుకోకు, చేతికి క్యారట్ ముక్క ఇవ్వు. అది కూడా నీ బుట్టలోదే.

చెప్పడానికి సిగ్గుపడేది ఇంకొకటుంది, అందుకే ఎవరూ చెప్పరు. రాత్రిపూట బద్ధకించి సైసులు గుర్రం ఉండే గదిలోనే, అంటే బాక్స్‌లోనే, మూత్రం పోస్తారు. వాళ్లు నడుం నొప్పికో షుగరుకో మాత్రలు వేసుకునుంటారు. ఆ గడ్డినే గుర్రం నములుతుంది. ఇలా వచ్చిన పాజిటివ్‌లు ప్రపంచమంతటా ఉన్నాయి. తిట్టి లాభం లేదు. దగ్గర్లో శుభ్రమైన బాత్రూం ఉందా, రాత్రి లైటు వెలుగుతుందా, అది చూడు. ఎవరే మాత్రలు వాడుతున్నారో అన్నలా అడిగి తెలుసుకో. మందు ముట్టిన చేత్తో దాణా కలపకుండా తొట్టి దగ్గర సబ్బు పెట్టించు.

గెలిపించడానికే మందు పెడతారనుకోకు. ఓడించడానికీ పెడతారు. గెలుస్తుందని అందరూ అనుకునే ఫేవరెట్‌కి కాస్త మత్తు ఎక్కితే చాలు. రేసు ముందు రెండు రాత్రులు నీకు నమ్మకమైన మనిషిని బాక్స్ ముందు పడుకోబెట్టు. వీలైతే నువ్వే పడుకో.

నొప్పి మందుల గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు, కానీ రాయాలి. పాతికేళ్ల కిందటి మాట. ఏ స్టేబులో రాయను. ఐదేళ్ల ఆడగుర్రం, ముందరి కుడికాలు గిట్టపై కీలు నా అరచేతికి వేడిగా తగిలింది. చెప్పాను. "పొద్దుటికి తగ్గుద్దిలే" అన్నారు. నిజంగానే తగ్గింది, కుంటే లేదు. రాత్రి ఏమిచ్చారో నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. ఆఖరి మలుపులో కాలు విరిగింది. మేం పరుగెత్తి వెళ్లేసరికి చుట్టూ తెరలు కడుతున్నారు. మూడు కాళ్ల మీద నిలబడి, నన్ను చూసి, ముక్కు నా చంకలో పెట్టుకుంది. డాక్టరు గారు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాను. నొప్పి తెలిస్తే గుర్రం అడుగు ఆచితూచి వేస్తుంది. తెలియకుండా చేస్తే విరిగేదాకా వేస్తుంది. ఆ రోజు నేను నోరు తెరిచి ఉండాల్సింది. నీకు అలాంటి పొద్దు వస్తే తెరువు. పని పోతే నా ఇంటికి రా.

బ్యూట్ అని పిలిచే నొప్పి మందు ఫినైల్‌బ్యూటజోన్ ఇచ్చాక ఎంతసేపు టెస్టులో కనబడుతుందో యూరప్ ల్యాబుల లెక్క 168 గంటలు, అంటే ఏడు రోజులు. అది కొద్ది గుర్రాల మీద చూసిన లెక్క. ఎనిమిదో రోజు శుభ్రంగా ఉంటుందని ఎవరూ నీకు పూచీ ఇవ్వలేదు. డాక్టరు గారిని అడిగి పైన ఇంకొన్ని రోజులు కలుపుకో. అనుమానముంటే రేసులోంచి గుర్రం ఎంట్రీ తీసెయ్.

గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం ఉన్న ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మన స్టేబుళ్లలో పొయ్యి వెలుగుతోందంటే ఆ తీర్పు కూడా ఒక కారణం. మందుతో గెలిస్తే అందులో నైపుణ్యం ఏముంది? రెండో స్థానంలో వచ్చిన గుర్రం సైసుకీ ఇంట్లో పిల్లలుంటారు. బహుమతి డబ్బు, అదే స్టేక్ మనీలో వాడికి రావాల్సిన నాలుగు రూపాయలు మనం లాక్కున్నట్టే.

సోమవారం ఓట్స్ లోడు వస్తుందన్నావు కదా. ప్రతి సంచి నుంచీ గుప్పెడు తీసి, కవర్లో కట్టి, తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టు. ఆ దాణా తిన్న గుర్రాల రిపోర్టులన్నీ వచ్చేదాకా పారెయ్యకు. మందుల పుస్తకంలో రోజూ సాయంత్రం డాక్టరు గారి సంతకం తీసుకో, మర్నాటికి వాయిదా వెయ్యకు. అత్తయ్య నీకోసం జొన్నరొట్టెలు చేస్తానంటోంది, మొదటి సెలవుకి రా.

మీ మామయ్య