సెయింట్ జాన్ నిజంగా బాగుపడుతోందా? అప్‌టౌన్‌లో అద్దెకుండొచ్చా?

మీ ప్రశ్న చదివాను. కెనడా తూర్పున న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సులో ఉన్న సెయింట్ జాన్‌లో ఉద్యోగం వచ్చింది, ఒంటారియోలోని బ్రాంప్టన్ నుంచి భార్యతో, ఆరేళ్ల పాపతో మారాలి. మీ బావమరిది "అది ముసలి ఊరు, అక్కడికెందుకు" అంటున్నాడు. ఇళ్ల ఏజెంటేమో కంప్యూటర్ బొమ్మలు చూపించి "ఊరు లేస్తోంది, ఇప్పుడే కొనేయండి" అంటున్నాడు. అప్‌టౌన్‌లో, అంటే ఊరి నడిబొడ్డున, చూసిన మూడో అంతస్తు ఫ్లాటు అద్దెకు తీసుకోవాలా, లేక శివారు ఊళ్లయిన రోత్‌సేలోనో క్విస్పామ్‌సిస్‌లోనో ఇల్లు కొనాలా అని అడిగారు.

నేను 2014 ఆగస్టులో న్యూ బ్రన్స్‌విక్ యూనివర్సిటీ (యూఎన్‌బీ) సెయింట్ జాన్ క్యాంపస్‌కి ఎంబీఏ చదవడానికి వచ్చాను. మధ్యలో ఏడాదిన్నర మిసిసాగాలో ఉద్యోగం చేసి, 2018లో తిరిగి ఇక్కడికే వచ్చేశాను. అంటే ఊరిని రెండుసార్లు కొత్తగా చూశాను. నాకు తెలిసినంతలో ఇద్దరూ పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు. మీ బావమరిది 2014 నాటి ఊరి గురించి మాట్లాడుతున్నాడు, ఏజెంటు 2034 నాటి ఊరిని అమ్ముతున్నాడు.

అసలు విషయానికి ముందు ఒక జాగ్రత్త. అడ్రస్ రాసేటప్పుడు 'సెయింట్' అనే మాటను పొట్టి చేయకుండా పూర్తిగా రాయండి. న్యూఫౌండ్‌లాండ్‌లో సెయింట్ జాన్స్ అని ఇంకో ఊరుంది. 2015 సంక్రాంతికి మా అమ్మ పంపిన పార్సెల్ అక్కడికి పోయి, పదకొండు రోజులు ఊళ్లు తిరిగి, గోంగూర సీసా పగిలి, అరిసెలన్నిటికీ గోంగూర పట్టించుకుని నా దగ్గరికి వచ్చింది. పారేయబుద్ధి కాలేదు, తినేశాను.

ఇక్కడ డౌన్‌టౌన్ అనరు, అప్‌టౌన్ అంటారు. రేవు దగ్గర నుంచి కింగ్ స్ట్రీట్ ఎక్కితే ఎందుకలా అంటారో మోకాళ్లే చెబుతాయి. వచ్చిన మొదటి ఆదివారం సాయంత్రం ఆ ఎత్తెక్కి జర్మెయిన్ స్ట్రీట్‌లోకి తిరిగాను. రెండు పక్కలా ఎర్ర ఇటుక మేడలు, గుమ్మాల మీద రాతి చెక్కడాలు. కింద ఒకటో రెండో షాపులు. పై అంతస్తుల్లో ఎక్కడా లైటు లేదు. మాది విశాఖ వన్ టౌన్. ఊరు సిరిపురం, ఎంవీపీ, మధురవాడ అంటూ పైకి పోతుంటే, పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్ వైపు రేవు పక్క ఇళ్లు ఎలా వెలవెలబోతాయో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అందుకే ఆ చీకటి కిటికీలు నాకేమీ కొత్తగా అనిపించలేదు.

అక్కడ చీకటి ఎందుకు పడిందో తర్వాత తెలుసుకున్నాను. సెయింట్ లారెన్స్ నది చలికాలంలో గడ్డకట్టేది. మాంట్రియల్‌కి ఓడలు వెళ్లలేవు కాబట్టి సరుకంతా గడ్డకట్టని ఈ రేవు మీదుగా పోయేది. కెనడియన్ పసిఫిక్ (సీపీ) రైలు 1889లో నేరుగా ఇక్కడికి వచ్చాక ఊరికి 'చలికాలపు రేవు' అన్న పేరు, దాంతోపాటు డబ్బు వచ్చాయి. 1960ల నాటికి ఐసు పగలగొట్టే ఓడలు మాంట్రియల్ దారిని శీతాకాలంలోనూ తెరిచి ఉంచడం మొదలుపెట్టాయి. ఇక ఈ రేవుతో పనేముంది? 1995లో సీపీ రైలు ఇక్కడి లైను అమ్మేసుకుని వెళ్లిపోయింది. 2000లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. కెనడా నేవీకి ఫ్రిగేట్లు (యుద్ధనౌకలు) కట్టిన షిప్‌యార్డు 2003లో మూతపడింది. షిప్‌యార్డు మీద బతికే ఊళ్లో పుట్టినవాణ్ణి కదా, దాని గేటు మూతపడితే ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి నిద్ర పట్టదో నాకు వివరించక్కర్లేదు. 1971లో 89,039 ఉన్న జనాభా 2016కి 67,575కి దిగింది.

ఊరు ఊరకే కూర్చుందని కాదు. బాగు చేద్దామని రెండు తరాలు ప్రయత్నించారు. 1960ల్లో, 70ల్లో 'అర్బన్ రెన్యువల్' పేరుతో ఈస్ట్ ఎండ్‌లో, నార్త్ ఎండ్ మెయిన్ స్ట్రీట్‌లో వీధులకు వీధులే కూల్చేశారు. 1968లో హార్బర్ బ్రిడ్జి వచ్చింది, దానికి తోడు ఊరి మధ్య నుంచి హైవే వేశారు. ఈరోజుకీ నార్త్ ఎండ్ నుంచి అప్‌టౌన్‌కి నడిచి రావాలంటే ఆ హైవే కింద నుంచో పక్క నుంచో చుట్టు తిరగాలి. 1983లో రేవు అంచున పాత గోదాముల ముఖాలు అలాగే ఉంచి మార్కెట్ స్క్వేర్ కట్టారు. 1985 కెనడా గేమ్స్‌కి ఆక్వాటిక్ సెంటర్ వచ్చింది. చలికి వణక్కుండా ఒక భవనం నుంచి ఇంకోదానికి పోయేలా పెడ్‌వేలు, అంటే మూసి ఉన్న పైదారులు, కూడా ఉన్నాయి. జనవరిలో అవి స్వర్గమే, నేనూ వాడతాను. కాకపోతే వీధిలో నడవాల్సిన జనాన్ని అవే పైకి లాగేసుకున్నాయని నా అనుమానం.

నా కళ్ల ముందు ఊరిని మార్చింది ఇలాంటి పెద్ద పథకాలు కావు. ఆ చీకటి కిటికీల వెనకాల మనుషులు కాపురం పెట్టడమే.

1877 జూన్ 20న ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దాదాపు 1,600 కట్టడాలు కాలిపోయాయి. ఏడాది ముందే కట్టిన సిటీ మార్కెట్ మాత్రం మిగిలింది (దాని పైకప్పు ఓడను బోర్లించినట్టుంటుంది, లోపలికి వెళ్లి తలెత్తి చూడండి). కాలిన చోట మళ్లీ కట్టినప్పుడు చెక్క వద్దనుకుని ఇటుక, రాయి వాడారు. అందుకే అప్‌టౌన్ మేడలు చాలావరకు ఒకే ఈడువి. 1982లో ఆ భాగాన్ని ట్రినిటీ రాయల్ హెరిటేజ్ ప్రాంతం చేశారు. అక్కడ భవనం బయటివైపు ఏది మార్చాలన్నా అనుమతి కావాలి. 2018లో నేను అద్దెకు దిగింది అలాంటి మేడలోనే, మూడో అంతస్తు. ఒకప్పుడు ఏదో ఆఫీసట, దాన్ని నాలుగు ఫ్లాట్లు చేశారు. పదకొండడుగుల ఎత్తు సీలింగు. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరో సుత్తితో కొట్టినట్టు రేడియేటరు టంగుమనేది. కిటికీలు పాత చెక్కవి. ఓనరు ప్లాస్టిక్‌వి పెడదామనుకున్నాడు కానీ హెరిటేజ్ నియమాలకు కుదరక ఉన్నవాటినే బాగు చేయించాడు. ఆ సందుల్లోంచి పొగమంచు వాసన వచ్చేది. నాకు నచ్చింది. మా ఆవిడకు నచ్చలేదు.

నేను వెళ్లే సరికి ఆ వీధిలో రాత్రి తొమ్మిదింటికి వెలిగే కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కోవిడ్ అయ్యేసరికి లెక్క వదిలేశాను. విద్యార్థులు, అట్లాంటిక్ ఇమిగ్రేషన్ పథకం కింద వచ్చినవాళ్లు (2017లో పైలట్‌గా మొదలై 2022లో శాశ్వతమైంది), ఇంటి నుంచి పనిచేసుకోవచ్చని ఒంటారియో నుంచి దిగినవాళ్లు. 2021 లెక్కల్లో జనాభా 69,895. మీ బ్రాంప్టన్‌లో ఇది ఒక మూలకు సరిపోదు, కానీ దశాబ్దాలుగా మొత్తమ్మీద తగ్గుతూ వచ్చిన ఊరికి రెండువేల పైచిలుకు మంది పెరగడం చిన్న విషయం కాదు. నేను వచ్చిన కొత్తలో సోనామసూరి బియ్యం ఎవరో ఒకరు కారులో మోసుకొస్తే పంచుకునేవాళ్లం. ఇప్పుడు ఊళ్లోనే దొరుకుతుంది.

ఇంకో మార్పు పైకి కనపడదు. 2014 దాకా ఈ ఊరి మురుగునీటిలో కొంత శుద్ధి చేయకుండానే హార్బర్‌లోకి పోయేది. ఆ ఏడాదే దాన్ని పూర్తిగా ఆపారు. నీళ్లు కంపుకొడుతుంటే నీటి ఒడ్డున ఎన్ని బెంచీలు వేసినా ఎవరు కూర్చుంటారు? నన్నడిగితే అప్‌టౌన్‌కి జరిగిన పెద్ద మేలు అదే, దాని ముందు రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగినవాళ్లెవరూ పెద్దగా గుర్తులేకపోయినా.

ఇక ఏజెంటు మీకు చూపించిన బొమ్మలు. అవి ఫండీ కీ ప్రాజెక్టువి అయ్యుంటాయి. పాత కోస్ట్ గార్డ్ స్థలంలో సముద్రపు గోడ బాగు చేసి, అయిదు భవనాలు కట్టాలని ప్రణాళిక వేశారు. నేను వచ్చినప్పుడు అక్కడ కార్లు పార్క్ చేసేవారు. 2022 నుంచి ఆ పక్కనే షిప్పింగ్ కంటైనర్లతో చిన్న బజారు పెట్టారు, వేసవిలో పాటలు, తిండి, పిల్లల గోల. కంప్యూటర్ బొమ్మల కన్నా ఆ కంటైనర్లే ఊరికి ఎక్కువ పనికొచ్చాయని నా అభిప్రాయం. అయితే నవంబరులో వెళ్లి చూడండి, గాలి తప్ప ఎవరూ ఉండరు. క్రూయిజ్ ఓడలదీ అంతే. ఓడ వచ్చిన రోజు పదింటికి కింగ్ స్ట్రీట్ తిరునాళ్లలా ఉంటుంది, సాయంత్రానికి ఓడ కదలగానే ఖాళీ. ఆ రద్దీ చూసి వీధిని అంచనా వేయకండి.

2019లో మా నాన్న వచ్చారు. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. రేవు అంచున మార్కెట్ స్లిప్ దగ్గర పాటు సమయంలో నిలబెట్టాను. నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి, గోడకు నాచు పచ్చగా వేలాడుతోంది, తేలే జెట్టీకి దిగే మెట్లవంతెన నిచ్చెనలా నిలువుగా ఉంది. ఆరుగంటల తర్వాత మళ్లీ తీసుకెళితే అదే వంతెన దాదాపు అడ్డంగా పడుకుని ఉంది. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా మనిషెత్తు కూడా ఉండదు, ఇక్కడ 8 మీటర్ల దాకా పోతుంది. అందరూ నోరు తెరిచి చూస్తారు కదా, ఆయన మాత్రం "బెర్త్‌లో ఓడ తాళ్లు రాత్రంతా ఎవడు సర్దుతాడురా?" అన్నారు.

ఆయన అడిగిన ఆ పోర్టు గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఏజెంట్లు దీన్నీ అప్‌టౌన్‌నీ కలిపేసి చెబుతారు. పశ్చిమం వైపు కంటైనర్ టెర్మినల్‌ని లోతు చేసి, పొడిగించడానికి 20.5 కోట్ల డాలర్ల పని చేపట్టారు. ఫెడరల్ ప్రభుత్వం, ప్రావిన్సు, పోర్టు మూడు సమాన వాటాలు వేసుకున్నాయి. ఆ టెర్మినల్‌ని 2017 నుంచి దుబాయ్ కంపెనీ డీపీ వరల్డ్ నడుపుతోంది. వదిలేసి పోయిన సీపీ రైలు 2020లో మధ్యలో ఉన్న ఇంకో రైలు కంపెనీని కొనుక్కుని మళ్లీ ఈ రేవుతో సంబంధం కలుపుకుంది. ఇవన్నీ నిజమైన ఉద్యోగాలే. కానీ క్రేన్ నడిపే మనిషి షిఫ్టు అయ్యాక జర్మెయిన్ స్ట్రీట్‌కి వస్తాడని లేదు, కారెక్కి శివారులో ఇంటికి పోతాడు. పోర్టు పెరిగిందంటే అప్‌టౌన్ పెరిగినట్టు కాదు. పైగా పరిశ్రమ పక్కన ఉండడానికి ఒక ఖరీదుంది. 2023 సెప్టెంబరులో రేవు పక్కన తుక్కు యార్డు ఒకటి అంటుకుని రోజున్నరకు పైగా కాలింది. ఊరందరినీ తలుపులు, కిటికీలు వేసుకుని ఇంట్లోనే ఉండమన్నారు. నేను పొగమంచు వాసన గురించి ఇందాక గొప్పగా చెప్పిన ఆ కిటికీ సందులన్నిటికీ ఆ రోజు తడిగుడ్డలు కుక్కాం.

అద్దెల గురించి ఏజెంటు చెప్పి ఉండడు. 2021 చివర్లో మా బిల్డింగు చేతులు మారింది. నెలకు 875 డాలర్లున్న మా అద్దె 1,250 అయింది. మేం ఎలాగో కట్టాం. కింది ఫ్లాటులో ఇరవై రెండేళ్లుగా ఉంటున్న పెద్దావిడ కట్టలేకపోయారు. మా పాప పుట్టినప్పుడు దుప్పటి అల్లిచ్చిన మనిషి. సామాను తీసుకెళుతూ ఇత్తడి తలుపుగంటను స్క్రూలు విప్పి వెంట తీసుకెళ్లారు, అది ఆవిడే పెట్టించుకున్నదట. అద్దె పెంపుకు 2022లో ప్రావిన్సు ఒక్క ఏడాదికి 3.8 శాతం పరిమితి పెట్టి వదిలేసింది, 2025 ఫిబ్రవరి నుంచి 3 శాతం పెట్టింది. ఇన్నాళ్లూ మురిసిపోయిన ఆ వెలిగే కిటికీల్లో ఒకటి అలా ఆవిడ దగ్గర నుంచి వచ్చిందే. కాబట్టి ఊరు బాగుపడిందా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అవునని అనలేను.

కొనడం సంగతి. సిటీలో ఆస్తి పన్ను రేటు రోత్‌సే, క్విస్పామ్‌సిస్ కన్నా ఎక్కువ. ఊళ్లో కెనడాలోకెల్లా పెద్ద చమురు రిఫైనరీ ఉంది కదా, పన్నులకు కొదవేమిటి అనుకుంటాం, నేనూ అనుకున్నాను. కానీ 2005లో ఎల్‌ఎన్‌జీ (ద్రవ సహజవాయువు) టెర్మినల్‌కి పన్ను ఏడాదికి 5 లక్షల డాలర్లే చాలని పాతికేళ్లకు ఒప్పుకున్న కౌన్సిలు ఇది. 2016లో ప్రావిన్సు చట్టం చేసి దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. ఇంకొకటి, కొని అద్దెకిద్దామనుకుంటే, మీరు నివసించని ఇంటి మీద ప్రావిన్సు పన్ను అదనంగా పడుతుంది. లెక్క వేసుకోకుండా సంతకం పెట్టకండి.

నేనైతే మొదటి ఏడాది అప్‌టౌన్‌లో అద్దెకే ఉండమంటాను. మీ ఆఫీసు అక్కడే అన్నారు, చలికాలం మొత్తం ఒక్క కారుతో గడిచిపోతుంది. మంచు పడిన రాత్రుళ్లు వీధి పార్కింగ్ బ్యాన్ పెడతారు, కాబట్టి ఫ్లాటుతో పార్కింగ్ చోటు ఇస్తారో లేదో ముందే అడగండి. పాప స్కూలు, మీ ఆవిడ అభిప్రాయం, రెండూ ఒక జనవరి దాటాక తేలతాయి. ఆ తర్వాత క్విస్పామ్‌సిస్ పారిపోదు.

మీరు చూసిన ఆ మూడో అంతస్తు ఫ్లాటుకి అద్దెలో హీటు కలిసుందా లేదా అన్నది ఫోన్‌లో కాదు, కాగితం మీద రాయించుకోండి. కలవలేదంటే కిందటి జనవరి బిల్లు చూపించమనండి. చూపించకపోతే వేరే ఫ్లాటు చూద్దాం, నాకు చెప్పండి.