మావయ్యగారు చేసిన కేకు డస్ట్‌బిన్‌లో వేశాను, ఆయన చూసేశారు

ఈ వారం ఒక కోడలు రాసిన ఉత్తరం. అత్తగారు పోయి పద్నాలుగు నెలలైందట. ఆవిడ, మావయ్యగారు ఏళ్ళ తరబడి గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్ అనే కేకుల పోటీ టీవీ షో కలిసి కూర్చుని చూసేవాళ్ళు, అత్తగారు ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కొలతలు రాసుకునేవారు, చేద్దాం చేద్దాం అనుకోవడమే గానీ చేసింది తక్కువ. ఆవిడ పోయాక మావయ్యగారు ఆ నోట్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి వరసగా చెయ్యడం మొదలుపెట్టారు, ఇప్పుడది వారానికి నాలుగు కేకుల దాకా వచ్చింది. సింకు నిండా గిన్నెలు, నేలంతా పిండి. ఈవిడకి షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారు, అయినా ప్రతిసారీ ఒక పెద్ద ముక్క తినాల్సిందే, ఎందుకంటే ఆయన పక్కనే నించుని ఈవిడ మొహం చూస్తుంటారు. భర్తేమో "నాన్నని ఏమీ అనకు, ఏదో ఒక వ్యాపకం ఉంది కదా" అంటాడు. పోయిన వారం సగం కేకు పేపర్‌లో చుట్టి డస్ట్‌బిన్‌లో వేస్తే, పొద్దున్నే చెత్త బయట పెట్టబోయి మావయ్యగారు చూసేశారు. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఓవెన్ వెలగలేదు, టీవీ కూడా పెట్టట్లేదు. "నేను అంత చెడ్డదాన్నా మేడమ్" అని అడిగారు.

కాదమ్మా. షుగర్ బోర్డర్‌లో ఉన్న మనిషి వారానికి నాలుగు కేకులు తినలేక పారేస్తే అది పాపం కాదు. కానీ మీరు దాన్ని పేపర్‌లో చుట్టారు చూడండి, ఇబ్బంది అక్కడుంది. నెలల తరబడి "బాగుంది మావయ్యగారూ" అంటూ వచ్చారు, ఆయన నమ్మారు, అందుకే ఇంకోటి చేశారు, మళ్ళీ బాగుందన్నారు, ఇంకోటి చేశారు. ఇప్పుడాయన బాధ ఒక సగం కేకు గురించి మాత్రమే అయ్యుండదు, అంతకుముందు తిన్నవన్నీ కూడా మొహమాటానికే తిందా అని వెనక్కి లెక్కేసుకుంటూ ఉంటారు.

మీ ఉత్తరం చివర్లో ఒక లైను రాశారు, మీరు గమనించారో లేదో. తెల్లవారుజామున మూడింటికి మిక్సర్ సౌండ్‌కి మెలకువ వస్తోంది, నిద్ర పాడవుతోంది అని. మీ నిద్ర గురించి రాశారు సరే, మరి ఆ టైమ్‌లో ఆయన కూడా మేలుకునే ఉన్నారు కదా. నలభై ఏళ్ళు పక్కన ఒక మనిషి ఉండి, ఇప్పుడు లేకపోతే, ఆ మూడు గంటల వేళ ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. వెన్న, చక్కెర కలిపి గిలక్కొడుతూ ఉంటే ఓ పది నిమిషాలు గడిచిపోతాయి, తర్వాత ఓవెన్ ముందు స్టూలేసుకుని అద్దంలోంచి చూస్తూ కూర్చుంటే ఇంకో అరగంట. మీరే రాశారు, అలా కూర్చుంటారని. ఆ షోలో కూడా అందరూ అంతే కదా, నేల మీద గొంతుక్కూర్చుని ఓవెన్‌లోకి చూస్తూ. కాబట్టి బేకింగ్ మానిపించే ఆలోచన పెట్టుకోకండి, మీరూ అది అడగలేదనుకోండి. కాకపోతే నిద్ర సంగతి మాత్రం డాక్టర్‌కి చెప్పించండి. ఇప్పుడు ఓవెన్ ఆపేశారు కాబట్టి ఇంకా ముఖ్యం, తిండి సరిగ్గా తింటున్నారా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా, మీ ఆయన్ని చూసుకోమనండి.

మీ ఆయన గురించి ఒక మాట. పోయింది ఆయనకీ అమ్మే. ఆ ప్రోగ్రామ్ వచ్చే టైమ్‌కి ఆయన ఫోన్ పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోతారని రాశారు, బహుశా చూడలేకే అయ్యుండొచ్చు, దాన్ని అర్థం చేసుకోవచ్చు. అర్థం చేసుకున్నంత మాత్రాన గిన్నెలు మాత్రం మీ వంతు అవ్వక్కర్లేదు. ఆ షోలో టెంట్ ఉంటుంది కదా, అక్కడ కంటెస్టెంట్లు అన్ని గిన్నెలు వాడతారు, రౌండ్ అయ్యేసరికి బల్లలన్నీ మళ్ళీ మెరుస్తుంటాయి. దానికి వేరే మనుషులున్నారు, వెనకాల కడుగుతూ ఉంటారు, మనకి స్క్రీన్ మీద కనపడరు. మీ ఇంట్లో ఆ కనపడని మనిషి మీరయ్యారు. మావయ్యగారికి నిజంగానే తట్టి ఉండదు, టీవీలో ఎవరూ కడగడం ఆయన చూడలేదు మరి. (నవ్వుకోకండి, మా ఇంట్లో మా అబ్బాయి వంట వీడియోలు చూసి నేర్చుకున్నాడు, వాడికీ ఇదే జబ్బు.)

సరే, ఇప్పుడు ఏం చెయ్యాలి. భర్త ద్వారా చెప్పించొద్దు, మీరే చెప్పండి, అదీ మీరిద్దరే ఉన్నప్పుడు. "మావయ్యగారూ, ఆ రోజు కేకు పారేసింది నేనే. బాగోక కాదు, నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని మీకు చెప్పలేదు, చెప్తే మీరు మానేస్తారేమోనని భయపడ్డాను. మీరు మానెయ్యడం నాకిష్టం లేదు." ఇంతే, ఇంకా పొడిగించొద్దు, ఏడుపొస్తే రానివ్వండి. వెంటనే ఆయన "పర్లేదమ్మా" అంటారు, మగవాళ్ళు ఆ వయసులో ఇంకేం అనలేరు, దానికి హర్ట్ అవ్వొద్దు.

రెండు రోజులాగి మిగతాది మాట్లాడండి. వారానికి ఒకసారి, షో చూసే రోజే చేద్దాం అనండి. ఆ కంటెస్టెంట్లు కూడా షూటింగ్‌కి వీకెండ్‌లోనే వస్తారు, మిగతా రోజులు వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి. కోవిడ్ టైమ్‌లో మాత్రం అందర్నీ ఒకేచోట ఉంచి తీశారు. రోజూ చేస్తే రుచి చూసేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు? మీ వంతు కూడా అప్పుడే తేల్చేసుకోండి, ఒక్క స్పూను. జడ్జీలు తినేదీ అంతే, పాల్ హాలీవుడ్ ఒక్కో బల్ల దగ్గర మొత్తం కేకు తింటే సాయంత్రానికి ఏమైపోవాలి! కానీ ఆ ఒక్క స్పూను తిన్నాక నిజం చెప్పండి. లోపల పచ్చిగా ఉంటే పచ్చిగా ఉందనండి. మీరు మొదటిసారి "ఈసారి గట్టిగా వచ్చింది మావయ్యగారూ" అన్న రోజున, ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నా, తర్వాతెప్పుడో మీరు బాగుందంటే దానికో విలువుంటుంది. గిన్నెలు కడిగి, బల్ల తుడిస్తేనే కేకు అయిపోయినట్టు అని రూల్ పెట్టండి, కడగడానికి తోడు మీ ఆయన, ఆ గంట తండ్రీకొడుకులు సింకు దగ్గర నించుంటే చాలు, మాట్లాడుకోకపోయినా పర్లేదు. తెల్లవారుజామున మిక్సర్ బదులు కొలతలు తూచి పెట్టుకోవడం, టిన్‌కి వెన్న రాయడం లాంటివి చేసుకోమనండి, చప్పుడుండదు.

ఇంకోటి, కేకు సైజు. అసలు మీ గొడవలో సగం ఇదే అనిపిస్తోంది నాకు. అత్తగారి నోట్‌బుక్‌లో మొదటి పేజీ విక్టోరియా స్పాంజ్ అని రాశారు, 4 గుడ్లు, వెన్న, చక్కెర, పిండి ఒక్కోటీ 225 గ్రాములు, 20 సెంటీమీటర్ల టిన్‌లు రెండు. అది పదిమందికి పైగా సరిపోయే కేకు. మీ ఇంట్లో తినేది ఇద్దరున్నర. దాన్ని తగ్గించడం చాలా తేలిక, ఎన్ని గుడ్లు వాడితే వాటిని పెంకుతో సహా తూచి, వెన్న, చక్కెర, పిండి ఒక్కోటీ అంతే బరువు తీసుకోవడమే. పాతకాలం నుంచీ ఉన్న లెక్కే ఇది. 2 గుడ్లయితే ఒక్క టిన్, ఒక్కటే గుడ్డయితే నాలుగైదు చిన్న కప్‌కేకులు.

ఇది మీరు చెప్పకండి, ఆయన్నే అడగండి. "మావయ్యగారూ, అత్తయ్య రాసింది నాలుగు గుడ్లకి కదా, రెండిటికి ఎలా మార్చాలి?" అని నోట్‌బుక్ తీసుకెళ్ళి పక్కన కూర్చోండి. ఆవిడ రాసిన అంకెల మీద కొట్టివెయ్యనివ్వకండి, కొత్తవి పక్కన ఖాళీలో మీరు రాయండి, ఆయన చెప్తుంటే. బేకింగ్ పౌడర్ కూడా సగమే అని గుర్తు చెయ్యండి. ఇరవై నిమిషాల దాకా ఓవెన్ తలుపు తియ్యకూడదు, అది ఆయనకి మీకంటే బాగా తెలుసు.