బెల్లం గట్టిపడటం లేదంటే ముందు మీ బోరు నీళ్ళు చూడండి

తమ్ముడూ, పూతలపట్టు దగ్గర ఎకరన్నర చెరకు, ఎకరాకి ఏడు బస్తాల యూరియా, బెల్లం నల్లగా వస్తోంది, తగ్గిద్దామంటే టన్నులు పడిపోతాయని నాయన ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. మాది పెనుమూరు తట్టు. ఎనిమిదేళ్ళ కిందట మా ఇంట్లో కూడా సరిగ్గా ఇదే గొడవ జరిగింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అప్పట్లో మేం ఎకరాకి ఎనిమిది బస్తాలు వేసేవాళ్ళం. మాఘంలో నాటిన తోటకి ఆషాఢం, శ్రావణంలో కూడా వాన పడింది కదా అని ఒక బస్తా చల్లేసేవాళ్ళం. తోట చూస్తే నల్లగా, ఆకు దట్టంగా, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా ఉండేది. ఆ సంవత్సరం గానుగ ఆడించాం. పెనంలో పాకం వచ్చిందా అని చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో చుడితే ఉండ కట్టాలి కదా, అది వేళ్ళకి అంటుకుని తీగలా సాగుతోంది. ఇంకో పావుగంట మరిగించారు, రంగు కాఫీ డికాక్షన్‌లా అయింది. పొద్దున లేచి చూస్తే బెల్లంలో బొటనవేలు పెడితే దిగిపోతోంది. చిత్తూరు మండీకి తీసుకెళ్తే వ్యాపారి అలాగే వేలు పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా రేటు తగ్గించి రాసుకున్నాడు. హైడ్రోస్ (రంగు పోగొట్టే రసాయనం) వేస్తే తెల్లగా వస్తుందని పక్కవాళ్ళు చెప్పారు. తినేదాంట్లో ఆ మందు కలపడం మా అమ్మకి ఇష్టం లేదు, నాకూ లేదు, దయచేసి మీరూ ఆ దారి పట్టొద్దు.

విషయం ఏమిటంటే, యూరియాలో ఉండే నత్రజని (నైట్రోజన్) ఆలస్యంగా అందితే చెరకు పెరుగుతూనే ఉంటుంది, పక్వానికి రాదు. రసంలో అసలు చక్కెర తగ్గి, గడ్డకట్టని రకం చక్కెరలు, నత్రజని పదార్థాలు మిగిలిపోతాయి. బెల్లం నల్లబడేదీ, మెత్తగా ఉండి చెమ్మ పీల్చేదీ వాటివల్లే. అందుకే మేం ఇప్పుడు 45వ రోజు ఒకసారి, 90వ రోజు ఒకసారి వేసి ఆపేస్తాం. ఆ తర్వాత తోట కాస్త పాలిపోయినట్టు కనిపించినా చెయ్యి కట్టుకుని కూర్చోవాలి. ఇది చాలా కష్టం, మొదటి ఏడాది నాకు నిద్ర పట్టలేదు.

అయితే అలా ఆపినా మొదటి ఏడాది బెల్లం పూర్తిగా బాగుపడలేదు. అప్పుడే ఇంట్లో చంటిబిడ్డ ఉందని, తాగే నీళ్ళ కోసం బోరు నీళ్ళు పరీక్షకి ఇచ్చాం. తాగే నీళ్ళలో నైట్రేటు (నత్రజని నీళ్ళలో కరిగి ఉండే రూపం) లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, మా నీళ్ళలో 60 ఉంది. ఆరు నెలల లోపు పిల్లలకి ఇది నిజంగా ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా మారుతుంది. కాచినా పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అన్నేళ్ళు మేం చల్లిన యూరియా మా ఎర్ర ఇసుక నేలలోంచి దిగి మా బోరులోకే వచ్చి ఉంటుందని తెలిసిన రోజు కడుపులో తిప్పినట్టయింది. బిడ్డకి వేరే నీళ్ళు తెచ్చుకున్నాం.

ఆ రిపోర్టు పట్టుకుని లెక్క వేశాను, మీరూ వేసుకోండి. ఎకరాకి రెండంగుళాల తడి (ఒకసారి నీళ్ళు పెట్టడం) అంటే సుమారు 2 లక్షల లీటర్ల నీళ్ళు. 60 మిల్లీగ్రాముల నైట్రేటులో నత్రజని పదమూడున్నర మిల్లీగ్రాములు. అంటే ఒక్కో తడికి 2.7 కిలోల నత్రజని పొలంలో పడుతోంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన ఉండే నత్రజని 20.7 కిలోలు. ఎనిమిది తడులు పెడితే ఒక బస్తా యూరియా చల్లినట్టే! నేను 90 రోజులకి ఆపినా, నా బోరు కోతదాకా వేస్తూనే ఉంది. అదంతా చెరకు తీసుకోదు, నిజమే, కానీ లెక్కలోంచి తీసేయడానికి కూడా లేదు.

ఆ తర్వాతి ఏడాది నాలుగు బస్తాలకి వచ్చాం. చల్లడం మానేసి మొదళ్ళ దగ్గర గుంట తీసి వేసి మట్టి కప్పుతాం. పైన వదిలేసిన యూరియా అమ్మోనియాగా మారి గాల్లో కలిసిపోతుంది, పశువుల కొట్టంలో ముక్కుకి కొట్టే ఘాటు అదే. వేసిన వెంటనే నీళ్ళు బారుగా వదలం, పలచటి తడి ఇస్తాం. ఆకు తగలబెట్టడం కూడా మానేశాం, కాలిస్తే అందులో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. సాళ్ళ మధ్య పరిస్తే తేమ కూడా నిలుస్తుంది. కార్శి తోటకి (కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే చెరకుకి) మాత్రం మొదట్లోనే కాస్త ఎక్కువ కావాలి, అక్కడ నేను మరీ తగ్గించి ఒకసారి రెండు టన్నులు పోగొట్టుకున్నాను. మొక్క తోటలో (కొత్తగా నాటిన దాంట్లో) దిగుబడి తగ్గలేదు.

జీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం లాంటివి పులియబెట్టిన ద్రావణం) ఒక్కటే చాలా అని కూడా అడిగారు. నేను పోస్తాను, నేలకి మంచిదే, కానీ అందులో నత్రజని చాలా తక్కువ, దాన్ని నమ్మి యూరియా ఒకేసారి మానేస్తే తోట ఎండిపోయినట్టు అవుతుంది. పెంట ఎరువు టన్నుకి 5 కిలోల దాకా నత్రజని ఉంటుంది, అదీ నిదానంగా వస్తుంది. తోట తీసేశాక శెనక్కాయ వేయండి, వేరు బుడిపెని గోరుతో చిదిపితే లోపల ఎర్రగా ఉందంటే గాల్లోంచి నత్రజని అది తీసుకుంటోందని అర్థం, దానికి మళ్ళీ బస్తాలు పోయొద్దు.

నాయనతో వాదన పెట్టుకోకండి, నాలుగు సాళ్ళు మీకు వదలమని అడగండి, అవి విడిగా గానుగాడించి ఆ బెల్లం ఆయన చేతిలో పెట్టండి. ఈలోపు నీళ్ళ రిపోర్టు వచ్చాక ఇక్కడ అంకె రాయండి, మీ తడులకి లెక్క వేసి చెప్తాను. రిపోర్టులో నైట్రేటు అని ఉందా, నైట్రేట్ నైట్రోజన్ అని ఉందా చూసి రాయండి, రెండో రకమైతే దాన్ని 4.4తో హెచ్చించాలి.