టమాటా రేటు మారని ఊరు

"ఎన్ని కొత్త గేములు వచ్చినా మీరు మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆడే వీడియో గేమ్ ఏది? అందులో మీకు దొరికే ఊరట ఏమిటి?" ఇదీ ప్రశ్న.

నాకైతే స్టార్‌డ్యూ వ్యాలీ, సేద్యం చేసే ఆట. ఇంతటితో ఆపేయొచ్చు. కానీ ఆపితే మా నాయన సంగతి చెప్పకుండా పోతుంది.

నేను బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఒక గదిలో ఉంటాను. సొంతూరు మదనపల్లె పక్కన పల్లె. టమాటా పెట్టే ఇల్లు మాది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే మాకు అమ్మమ్మ ఊరు కాదు, చేను. నారు నాటడం, కట్టెలు పాతడం, దారం కట్టడం, కాయ కోయడం, క్రేట్లు మోయడం. ఆ పని తప్పించుకోవాలనే ఇంజనీరింగు చదివాను, ఇందులో దాచడానికేమీ లేదు. అంత కష్టపడి తప్పించుకుని వచ్చినవాడిని, ఇప్పుడు రాత్రి పది గంటలకు లాప్‌టాప్ ముందు కూర్చుని బొమ్మ క్యాన్‌తో బొమ్మ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. మా రూమ్మేటుకు ఇది పెద్ద జోకు. "ఊళ్ళో చేను మీ నాయనకు వదిలేసి ఇక్కడ కంప్యూటర్లో సేద్యం చేస్తున్నావా?" అంటాడు. వాడిది విజయవాడ, వాడికేం తెలుసు.

గేమ్ మొదలే చిత్రంగా ఉంటుంది. ఒక పెద్ద కంపెనీలో, వరసగా పేర్చిన డబ్బాల్లాంటి సీట్ల మధ్య మన బొమ్మ కూర్చుని పని చేస్తుంటుంది. ఇక నావల్ల కాదు అనిపించిన రోజున, చనిపోయిన తాత ఎప్పుడో ఇచ్చిన ఉత్తరం తెరుస్తుంది. ఊళ్ళో చేను ఉంది, వెళ్ళు అని ఉంటుంది అందులో. నేను మొదటిసారి ఆ సీను చూసింది సరిగ్గా మా ఆఫీసులో పనికి మార్కులేసే అప్రైజల్ జరుగుతున్న వారంలో. ఇంకేం చెప్పను.

2016 ఫిబ్రవరిలో వచ్చిన గేమ్ ఇది. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి చేశాడు. కోడూ అతనే, బొమ్మలూ అతనే, సంగీతమూ అతనే. నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేశాడట. మా టీములో ఒక బటన్ రంగు మార్చాలంటే ఆరుగురు మీటింగులో కూర్చుంటాం. ఇంకొకటి, ఇన్నేళ్ళ తరువాత 2024లో కూడా పెద్ద అప్‌డేట్ ఇచ్చి పైసా అడగలేదు. మిగతా గేములు చూడండి. శనివారం పూట ఆశగా తెరిస్తే 60 జీబీ అప్‌డేట్ అంటాయి. అది దిగేలోపు కరెంటు పోతుంది, లేదా నాకు నిద్ర వస్తుంది, లేదా సోమవారం వస్తుంది.

నన్ను అడిగితే గేములు రెండే రకాలు. ఆఫీసులాంటివి, ఆఫీసులాంటివి కానివి. వంద మందిని ఒక దీవిలో దించి చివరికి ఒక్కడు మిగిలేదాకా కాల్చుకోమనే ఆటలున్నాయి కదా, అవి పక్కా ఆఫీసు. మా దగ్గర ఏడాదికొకసారి అదే ఆడిస్తారు, కాకపోతే తుపాకులుండవు. పగలంతా అది చేసి వచ్చి, రాత్రి మళ్ళీ అదే చేసేవాళ్ళను చూస్తే నాకు జాలి. స్టార్‌డ్యూను కూడా ఆఫీసు చేసేసినవాళ్ళున్నారు లెండి. ఏ పంటకు రోజుకెంత లాభమో లెక్కగట్టి, ఎక్సెల్ షీటు పక్కన పెట్టుకుని ఆడతారు. వాళ్ళకు ఆట వద్దు, ఆడిటింగు ఉద్యోగం కావాలి.

నేను ఆడే పద్ధతి వేరు. ఇన్నేళ్ళలో నేను ఆ గేములో రెండో సంవత్సరంలోకి వెళ్ళింది లేదు. మొదటి ఏడు వసంతం, ఎండాకాలం, ఆకురాలు కాలం అయి, చలికాలంలో చేను మంచు కింద పడుకోగానే నాకు మళ్ళీ మొదటికి వెళ్ళాలనిపిస్తుంది. కొత్త ఆట తెరుస్తాను. చేనుకు ప్రతిసారీ మా చేను పేరే, గుట్టచేను. ఊరి మేయరు ఇచ్చిన 15 పార్స్నిప్ విత్తనాలు, చేతిలో 500 బంగారు నాణేలు. పార్స్నిప్ అంటే మన ముల్లంగిలాంటి దుంప అనుకోండి. నాలుగు రోజుల్లో వస్తుంది. 20 పెట్టి విత్తనం కొంటే 35కి పోతుంది. ఈ 35 అనేది నేను 2017లో మొదటిసారి ఆడినప్పుడూ 35, నిన్న రాత్రీ 35.

ఇక అసలు సంగతి.

2023 జూలై గుర్తుందా? బెంగళూరులో టమాటా కిలో 100 దాటిపోయింది. మా ఆఫీసు క్యాంటీన్లో రసం రంగు మారింది. ఆ నెలలో మా నాయన దగ్గర ఒక్క కాయ లేదు, వేసవి పంట మే నెలలోనే పీకేశాడు. ఊళ్ళో పక్క చేనువాడు ఆ ఒక్క నెలలో కొత్త ట్రాక్టరు కొన్నాడు. అది చూసి మా నాయన, మా చిన్నాయన, వాళ్ళ బావమరిది, మొత్తానికి జిల్లా అంతా ఒకేసారి నారు నాటారు. రెండు నెలలకు అందరి కాయా ఒకేసారి మండీకి వచ్చింది. సెప్టెంబరులో ఏమైందో టమాటా పెట్టేవాళ్ళకు చెప్పనక్కరలేదు. కోతకూలీ, ఆటో బాడుగ, కమిషను, తరుగు అన్నీ పోను మా నాయన చేతికి మిగిలింది మండీవాళ్ళు ఇచ్చిన తెల్ల చీటీ. ఆఖరి రెండు కోతలు కోయనే లేదు, చేలోనే వదిలేశాడు.

అక్టోబరులో కంటికి శుక్లం చూపించుకుందామని నా దగ్గరికి వచ్చాడు. కె.ఆర్.పురంలో బస్సు దిగాడు. చేతిలో సంచి, సంచిలో టమాటాలు. "బెంగళూరులో దొరకవా నాయనా?" అంటే "ఈడ కొంటే దుడ్లు కాదా?" అన్నాడు. అప్పటికి కిలో ఇరవై కూడా లేదు.

రెండో రాత్రి ఆయన పడుకున్నాడనుకుని దీపం ఆర్పేసి లాప్‌టాప్ తెరిచాను. ఆటలో ఎండాకాలం నడుస్తోంది, నలభై టమాటా మొక్కలున్నాయి. వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమిరా అది, టమాటానా?"

అవునన్నాను. దొంగతనం దొరికినట్టు అయింది. ఆయన లేచి వచ్చి నా పక్కన మంచం అంచున కూర్చున్నాడు. కళ్ళు సరిగ్గా కనపడవు కాబట్టి ముఖం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు.

"ఎన్ని దినాలకు కాపుకొస్తాది?"

"పదకొండు. ఆ తరువాత నాలుగు రోజులకొక కోత."

నవ్వాడు. "పదకొండు దినాలకు నారు కూడా రాదు కదరా. సరే, ఎంత పలకతాది?"

"60."

"కిలోనా?"

"కాదు నాయనా, కాయ."

"కాయ అరవైయా!" అని ఒక్కసారి వెనక్కి జరిగాడు. తరువాత వరసగా ప్రశ్నలు. మా మేనేజరు కూడా నన్ను అంత సూటిగా ఎప్పుడూ అడగలేదు. కమిషనెంత? లేదు. తరుగు? లేదు. మండీకి ఎవరు తోలుకుపోతారు? ఇంటి ముందు ఒక చెక్కపెట్టె ఉంది, అందులో వేస్తే రాత్రికి వాళ్ళే తీసుకుపోతారు, తెల్లారేసరికి డబ్బు వచ్చేస్తుంది. గ్రేడింగు ఉందా? ఉంది, వెండి చుక్క కాయ 75, బంగారు చుక్క కాయ 90. "అయితే 60 మొండి కాయకా?" అన్నాడు. అవును, అన్నిటికంటే తక్కువ రకానికి.

"బోరు ఎన్ని అడుగులు?"

"బోరు లేదు. అదిగో గుంట. ఎన్ని నీళ్ళు తోడినా తగ్గదు."

కాసేపు ఆ గుంటనే చూశాడు. మేము ఆ ఏడు మూడో బోరు వేసి ఉన్నాం. బెంగళూరు సంగతి ఇంకా చెప్పక్కరలేదు. మా బిల్డింగులో అప్పటికే రోజు విడిచి రోజు ట్యాంకరు, ఓనరు మాత్రం నీళ్ళ చార్జీ నెలనెలా తప్పకుండా అడిగేవాడు. ఆ గొడవ రాస్తే ఇంకో జవాబు అవుతుంది.

"వాన?"

"రేపు పడుతుందో లేదో ముందు రోజే టీవీలో చెబుతారు."

"చెప్పినట్టే పడతాదా?"

"పడుతుంది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

"ఎవురు రాసినాడో గానీ," అన్నాడు, "వాడు సేద్యం చేసుండడు."

నేను పోస్తాను ఇలా ఇవ్వు అన్నాడు. మౌస్ పట్టుకోవడం ఆయనకు అదే మొదలు. బొమ్మను నడిపించడానికి నాలుగు మీటలు చూపించాను. మొక్కల వరసకు చేరేసరికి ఆటలో మధ్యాహ్నం అయింది. అక్కడ ఒక రోజంటే మన పద్నాలుగు నిమిషాలు చిల్లర. ఆయన ఒక్కో మొక్క ముందూ ఆగి, నీళ్ళు సరిగ్గా పడ్డాయో లేదో, మట్టి రంగు మారిందో లేదో చూసి మరీ పక్కకు జరుగుతున్నాడు. త్వరగా కానివ్వమని నోటిదాకా వచ్చింది గానీ అనలేకపోయాను. చిన్నప్పుడు పాదుల్లో నీళ్ళు మళ్ళించడం నేర్పినప్పుడు నాతో ఒక్కసారైనా త్వరగా అనలేదు ఆయన.

ఇరవయ్యో మొక్క దగ్గర వేలు ఎక్కడో తగిలి, చేతిలో క్యాను పోయి గునపం వచ్చింది. చూసుకోకుండా నొక్కాడు. కాయలతో ఉన్న మొక్క మాయమైపోయింది. కంగారులో మళ్ళీ నొక్కాడు, పక్కదీ పోయింది. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏం కాదు నాయనా," అన్నాను. "ఈ ఆటలో బొమ్మ నిద్రపోతేనే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు మూసేసి మళ్ళీ తెరిస్తే ఈ పొద్దు మొదటినుంచి వస్తుంది. మొక్కలు ఉంటాయి."

ఆయనకు అర్థం కాలేదేమో అని ఇంకోసారి చెప్పాను. అర్థమైంది. "అట్టా కూడా ఉందా," అన్నాడు మెల్లగా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను మూసేయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దులే. మిగిలినోటికి పోద్దాం."

మిగిలిన వాటికి పోశాడు. ఆఖరి వరస అయ్యేసరికి ఆటలో రాత్రి రెండైంది. రెండు దాటితే మన బొమ్మ ఎక్కడ ఉంటే అక్కడే సొమ్మసిల్లి పడిపోతుంది. ఇంట్లో ఉంటే పరవాలేదు, బయట పడితే చేతిలో డబ్బులో పదో వంతు, మహా అయితే వెయ్యి, తగ్గుతుంది. బొమ్మ చేలోనే పడిపోయింది. తెల్లారాక పోస్టుడబ్బాలో ఉత్తరం వచ్చింది, డబ్బు పోయింది. ఆ ఉత్తరంలో ఏముందో తెలుగులో చెప్పాను. చేలో స్పృహ తప్పావు, ఎవరో చూశారు, డబ్బు కట్ అయింది.

మా నాయన ఎంత గట్టిగా నవ్వాడంటే పక్క గదిలో రూమ్మేటు లేచి వచ్చాడు.

"ఇదొక్కటీ సరిగ్గా పెట్టినాడురా!"

మరుసటి రోజు ఆసుపత్రిలో టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నాం. ఆ మూడు గంటలూ పక్కన కూర్చున్న అనంతపురం పెద్దమనిషికి ఆ ఆట గురించే చెప్పాడు. విత్తనాల అంగడి బుధవారం మూసేస్తారంట, అప్పు మాత్రం ఇయ్యరంట, నగదు ఇస్తేనే విత్తనమంట. "అప్పు ఇయ్యకపోతే సేద్యమెట్టా?" అని ఆయన అడిగాడు. "అప్పు అక్కరలేదంట," అన్నాడు మా నాయన, సొంత ఊరి గురించి చెబుతున్నట్టు. ఇద్దరూ తలకాయలు ఊపుకున్నారు.

కాబట్టి ఊరట అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే సంగీతమనీ బొమ్మలనీ చెప్పను. నాటినప్పుడు ఎంత అన్నారో కోసినప్పుడు అంతే ఇవ్వడం. ఇంతకంటే పెద్ద మాయాలోకం ఏ గేములోనూ నాకు కనపడలేదు. డ్రాగన్లూ మంత్రగాళ్ళూ దీని ముందు మామూలు విషయాలే. ఆ ఆట నాలుగు కోట్ల కాపీలు దాటి అమ్ముడైంది. కొన్నవాళ్ళలో సగంమంది మా జిల్లా టమాటా రైతుల కొడుకులే అయ్యుంటారని నా గట్టి నమ్మకం. రుజువు అడగకండి.

నాయనతో ఆడిన ఆ ఆటను మాత్రం నేను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టలేదు. గుట్టచేనులో రెండు మొక్కల ఖాళీ అలాగే ఉంది. పైగా మా నాయన వారానికొకసారి ఫోను చేసి, వానలూ కరెంటూ అక్క పిల్లల సంగతులూ అయ్యాక, మండీలో ఆ పూట క్రేటు ఎంత పోయిందో చెబుతాడు. చెప్పి ఒక్క క్షణం ఆగుతాడు.

"ఆడ ఎంతరా?"

"60 నాయనా."

"ఊఁ," అని ఫోను పెట్టేస్తాడు.