బొమ్మ అమ్మితే హక్కు కూడా అమ్మినట్టేనా?

ప్రశ్న: రెండేళ్ల క్రితం నేను వేసిన ఒక పెయింటింగ్‌ను ఒకాయన కొనుక్కున్నారు. ఇప్పుడు దాన్ని క్యాలెండర్లుగా అచ్చువేసి అమ్ముతున్నారు. నా సంతకం కూడా చెరిపేశారు. అడిగితే "డబ్బిచ్చి కొన్నాను, నా ఇష్టం" అంటున్నారు. నేను రిజిస్ట్రేషన్ చేయించుకోలేదు. నాకు దారి ఉందా?

జవాబు: ఉందండీ. ఆయన కొన్నది ఆ ఒక్క బొమ్మనే. దాన్ని గోడకు పెట్టుకోవచ్చు, మళ్లీ ఇంకొకరికి అమ్ముకోవచ్చు, కానీ కాపీలు తీసి అమ్మే హక్కు మీరు సంతకం పెట్టి రాసిస్తే తప్ప ఆయనకు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు మీరున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ పడకండి, బొమ్మ వేసిన రోజే హక్కు పుట్టింది. రిజిస్ట్రేషన్ ఉంటే కోర్టులో రుజువు తేలికవుతుంది, అంతే.

ఒక్క విషయం మాత్రం నిజాయితీగా గుర్తు తెచ్చుకోండి. ఆయన ముందే డబ్బు మాట్లాడుకుని, తన కోసమే ఆ బొమ్మ వేయించుకున్నారా? అలాగైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, సెక్షన్ 17 కింద కాపీరైట్ ఆయనదే అవుతుంది. మీరు వేసి పెట్టుకున్నదాన్ని కొన్నట్టయితే ఈ చిక్కు లేదు.

సంతకం చెరిపేయడం నాకు ఇంకా బాధగా అనిపించింది. ఇది నా పని అని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 ఇస్తుంది, కాపీరైట్ మొత్తం రాసిచ్చేసినా అది మీ దగ్గరే ఉంటుంది. ఇదే సెక్షన్ కింద, ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడ మీది తన కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసినందుకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేంద్ర ప్రభుత్వం మీదే కేసు వేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని తిరిగి ఇప్పించి 5 లక్షల పరిహారం కూడా ఇవ్వమంది.

ముందు ఒక క్యాలెండర్ బిల్లుతో సహా కొని దాచండి. స్కెచ్‌లు, ఫోన్‌లో తీసిన ఫొటోలు, ఆయనతో నడిచిన మెసేజ్‌లు, ఏవీ డిలీట్ చేయకండి. తర్వాత లాయర్ నోటీసు. వినకపోతే అచ్చు ఆపమని, నష్టపరిహారం ఇమ్మని దావా వేయవచ్చు, అదీ మీరుండే చోటి కోర్టులోనే. తెలిసి చేస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు పడే నేరం కూడా.

నోటీసు అందాక చాలామంది రాజీకి వస్తారు. అప్పుడు నోటిమాటతో ఒప్పుకోకండి. ఎన్ని కాపీలు, ఎంత డబ్బు, మీ పేరు ఎక్కడ వేస్తారు, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద ఉండాలి. హక్కు రాసిస్తూ గడువు చెప్పకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది.