నమ్మకం లేకపోయినా పిల్లల కోసం మొక్కుకోవచ్చా?

"దేవుణ్ణి పెద్దగా నమ్మను. పాప పుట్టాక అమ్మ, అత్తగారు రోజుకో మొక్కు చెప్తున్నారు. మొక్కుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టుంది, మానేస్తే పాపకేమన్నా అవుతుందేమోనని భయం" అని అడిగారు కదండీ. నాలుగేళ్ల కిందట నేనూ ఇలాగే ఉండేదాన్ని. అందుకే రాస్తున్నా.

మేం ఉండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర. బాబుకి పద్నాలుగు నెలలప్పుడు ఒక రాత్రి జ్వరం ఉన్నట్టుండి పెరిగింది. మా ఆయనది నైట్ షిఫ్టు. ఇంట్లో నేను, అద్దంకి నుంచి వచ్చిన మా అత్తయ్య. రెండు గంటలప్పుడు వాడి కళ్లు పైకి తేలిపోయి, చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. నా చేతుల్లోనే. అత్తయ్య తాళాలగుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో పెట్టింది. నా కేకలకి లేచొచ్చిన పక్క ఫ్లాటావిడ నోట్లో చెంచా పెట్టమంది. పెట్టబోయాను కూడా. ఈలోపే ఫిట్స్ ఆగిపోయింది. మొత్తం రెండు నిమిషాలు ఉంటుందేమో, నాకు మాత్రం తెల్లవారినట్టే అనిపించింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పిన మాటలు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఇలా వస్తుంది, చాలావరకు దానంతటదే ఆగిపోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, ఏదీ పెట్టకూడదు. తాళాల సంగతి అడిగితే నవ్వి, "దానివల్ల లాభం లేదు, నష్టమూ లేదు" అన్నారు. ఈ ముక్క అప్పటినుంచి నాకు బాగా పనికొస్తోంది. పెద్దవాళ్లు ఏం చెప్పినా నేను చూసుకునేది ఒకటే, దీనివల్ల పిల్లాడికి నష్టం ఉందా? మెడలో తాయెత్తు వద్దన్నాను, నిద్రలో తాడు బిగుసుకుంటుందని. కంట్లో కాటుక వద్దన్నాను. అరికాల్లో దిష్టిచుక్క, ఉప్పూ మిరపకాయలు తిప్పి పడెయ్యడం వాళ్ల ఇష్టానికే వదిలేశా.

ఆ రాత్రి వార్డు బయట కూర్చున్నప్పుడు అత్తయ్య పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి, పసుపుగుడ్డ ఎక్కణ్ణుంచి తెస్తాం అక్కడ, తన కొంగు చివరే ముడేసుకుంది. "వెంకన్నా, నీ కొండకి తీసుకొస్తా" అంది, అంతే. (నిలువుదోపిడీ మొక్కలేదు, బతికిపోయా.) నాకు ఒళ్లు మండింది. లోపల పిల్లాడికి సెలైన్ ఎక్కుతుంటే ఈవిడ రూపాయితో బేరం పెడుతుందేంటి అనుకున్నా. కానీ తెల్లారేదాకా ఆవిడ చెయ్యి ఆ ముడి మీదే ఉంది. నా చేతులకే ఏ పనీ లేదు. ఫోన్ తీసి ఫిట్స్ గురించి వెతకడం, చదివి వణకడం, మళ్లీ వెతకడం. ఇద్దరిలో ఎవరు బాగున్నారంటే అత్తయ్యే. బాబు దగ్గరికి పిలిచినప్పుడు స్థిమితంగా లేచి వెళ్లింది కూడా ఆవిడే.

నేను ఆఫీసుకెళ్తే బాబుని చూసుకునే ఆంటీ ఒకావిడ ఉంది, తమిళావిడ. సంగతి తెలిసి ఆ గురువారం వివేక్‌నగర్ బాల ఏసు గుడికెళ్లి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. అత్తయ్య ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటుంటే, "మన బిడ్డ కోసమేగా, ఆయనా చిన్నపిల్లాడే" అని ఆంటీకి కాఫీ కలిపిచ్చింది. ఇంత తేలిగ్గా తేల్చెయ్యడం నాకు ఈ జన్మకి రాదు.

కొండకి వెళ్లేసరికి వాడికి రెండేళ్లు దాటాయి. కల్యాణకట్టలో గుండు చేయించి, ముడుపు హుండీలో వేసి బయటికొచ్చాం. వాడు నున్నటి బోడిగుండు తడుముకుంటూ "సామికి అమ్మేదీ?" అన్నాడు. నాకు తోచలేదు. అత్తయ్య వకుళమాత కథ ఎత్తుకుంది. కృష్ణుణ్ణి పెంచిన యశోద ఆయన పెళ్లి ఒక్కటీ చూడలేకపోయిందట. వచ్చే జన్మలో చూపిస్తానని మాటిచ్చాడట. ఆవిడే వకుళగా పుట్టి, శ్రీనివాసుడికి పద్మావతితో పెళ్లి కుదిర్చింది. తిరుపతి దగ్గర పేరూరు బండ మీద ఆవిడ గుడి చాలాకాలం పాడుబడి ఉంటే బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. ఈ కథ చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ ఆ రోజే తట్టింది, ఇద్దరూ కన్నతల్లులు కారు, పెంచినవాళ్లే. రోజూ తొమ్మిది నుంచి ఆరింటిదాకా నా కొడుక్కి అన్నం పెట్టి జోకొట్టే ఆంటీ గుర్తొచ్చింది. పిల్లాణ్ణి వదిలి ఆఫీసుకి వెళ్తున్నానని పడే బాధ అక్కడ కొంచెం దిగిందండీ. గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఏమీ కాలేదు, తోసేశారు, వచ్చేశా.

మొక్కు తీర్చాం కాబట్టి ఇక రాదనుకున్నారా? ఆరు నెలలకి మళ్లీ వచ్చింది. మూడోవంతు పిల్లలకి మళ్లీ రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. ఈసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాను, గడియారం చూశాను. నిమిషం నలభై సెకన్లు. వాడు నిద్రలోకి జారుకున్నాక నా చేతులు వాటంతటవే రూపాయి కోసం వెతకడం మొదలెట్టాయి. స్కాన్ చేసి డబ్బులు కట్టే అలవాటు కదా, ఇల్లంతా గాలించినా ఒక్క బిళ్ళ లేదు. చివరికి వాడి మట్టి కిడ్డీ బ్యాంకు బోర్లించి, హెయిర్ పిన్నుతో లాగి ఒకటి తీసి, చున్నీ అంచుకి ముడేసుకుని వాడి పక్కనే కూర్చున్నా. ఆ రూపాయి వాడికింకా బాకీ ఉన్నా.